ఎవరి జాబ్ ఎవరిదో తేలడం లేదు

ప్రశ్న: ఒక పాఠకుడు పంపిన ఉత్తరం సారాంశం ఇది. ఆయన కోస్తా జిల్లాలోని ఒక ప్రైవేట్ ఐటీఐలో ఫిట్టర్ ఇన్‌స్ట్రక్టర్. చేరి ఏడాది దాటలేదు. యూనిట్‌లో 20 మంది ట్రైనీలు. పూర్తయిన జాబ్‌లన్నీ, అంటే అభ్యాసంగా వాళ్లు తయారుచేసిన లోహపు ముక్కలన్నీ, ఒకే చెక్కపెట్టెలో పడేస్తున్నారు. వాటి మీద చాక్‌పీసుతో పేర్లు రాస్తే నూనె తగిలి రెండు రోజుల్లో చెరిగిపోతున్నాయి. అదే పెట్టెలో రెండో షిఫ్టు వాళ్ల ముక్కలూ కలుస్తున్నాయి. థియరీ అసైన్‌మెంట్లు కొన్ని కాగితాల మీద, కొన్ని వాట్సాప్ గ్రూపులో ఫొటోలుగా వస్తున్నాయి. ఏది ఏ ఎక్సర్‌సైజ్‌దో వెతుక్కోవడానికే ఆదివారాలు సరిపోతున్నాయని, ఇంట్లో గొడవ అవుతోందని రాశారు.

పోయిన నెల చతురస్రపు మేల్-ఫిమేల్ ఫిట్ జాబ్ (ఒక ముక్క ఇంకో ముక్కలో సరిగ్గా ఇమిడేది) ఒకటి తనదంటే తనదని ఇద్దరు కుర్రాళ్లు పట్టుబట్టారు. ఆయన ఇద్దరినీ అందరి ముందూ తిట్టారు. అందులో ఒకడు అప్పటినుంచి క్లాసుకు రావడం లేదు. ఇంకో ముగ్గురు చేసిన పాత జాబ్‌లు అసలు కనిపించడం లేదు, వాటికి మార్కులు కూడా వేసి లేవు. రెండో షిఫ్టు సీనియర్ ఇన్‌స్ట్రక్టర్ 'ఇదంతా ఎందుకు, సంవత్సరం చివర అందరికీ మార్కులు వేసేసుకుంటే పోలా' అంటున్నారట. ప్రిన్సిపాల్ మాత్రం ఆడిట్ రావచ్చు, ఫార్మేటివ్ రికార్డులు (కోర్సు సాగుతుండగానే వేసే మార్కుల రికార్డులు) సిద్ధం చేయమని గుర్తుచేస్తున్నారు. 'జాబ్‌ల మీద నంబర్లు పంచ్ చేయనా, రిజిస్టర్ పెట్టనా, అంతా ఫోన్‌లో ఎక్కించనా? పోయినవాటికి మార్కులు ఎలా వేయను? ఆ కుర్రాణ్ణి ఎలా పిలవను?' అన్నవి ఆయన ప్రశ్నలు.

సమాధానం: మీ ఉత్తరంలో చిక్కు ఒకటి కాదు, మూడు. ముక్క ఎవరిదో తెలియకపోవడం మొదటిది. ఆ ముక్క ఏ దశలో ఎలా ఉందో రాసిపెట్టి లేకపోవడం రెండోది. కుర్రాడి మనసు నొచ్చుకోవడం మూడోది. ఈ మూడూ కలిసి ఒకే కొండలా కనిపిస్తున్నాయి కాబట్టి మీకు ఊపిరి ఆడటం లేదు. విడదీస్తే మొదటిది ఒక పూటలో సర్దుకుంటుంది. రెండోదానికి ఒక కాగితం, కొంచెం క్రమశిక్షణ కావాలి. మూడోదానికి మీరే కావాలి.

జాబ్ పూర్తయి మీ చేతికి వచ్చాక పేరు రాయడమే మీ దగ్గర జరుగుతున్న అసలు పొరపాటు. ఫిట్టర్ షాపులో గుర్తు ముక్క కోసినప్పుడే పడాలి. పరిశ్రమలోనూ అదే పద్ధతి. ప్రెషర్ వెసెల్స్ తయారుచేసే చోట ప్లేటు కోయబోయే ముందే దాని హీట్ నంబర్‌ను (ఆ ఉక్కు ఏ కరిగింపులో తయారైందో చెప్పే నంబర్) కోయబోయే ప్రతి ముక్క మీదికీ ఎక్కిస్తారు, ఆ తర్వాతే కోత. మీ ట్రైనీలు రేపు ఉద్యోగానికి వెళ్తే మొదటి వారంలో చూసేది ఇదే. అందుకని నంబరింగ్‌ను గుమాస్తా పనిలా కాక పాఠంలో భాగంగానే నేర్పండి. అప్పుడు అది మీ ఒక్కరి నెత్తిమీద భారంగా ఉండదు.

గుర్తు ఎలా వేయాలన్నది మీ మొదటి ప్రశ్న. మీ ముందు మూడు దారులున్నాయి. ఒకటి పెయింట్ మార్కర్. సులువే, కానీ థిన్నర్ గుడ్డతో ఒక్కసారి తుడిస్తే పోతుంది, ఎవరైనా మార్చి రాసుకోవచ్చు. రెండోది అల్యూమినియం బిళ్ల మీద నంబర్ కొట్టి బైండింగ్ వైరుతో కట్టడం. చిన్న ముక్కలకూ పలుచటి షీట్‌మెటల్ జాబ్‌లకూ ఇదే మేలు. కాకపోతే వైరు విప్పి బిళ్ల మార్చేయవచ్చు. మూడోది నంబర్ పంచ్, అంటే సుత్తితో కొట్టి అంకెను లోహంలోకి దించే ఉక్కు ముద్ర. ఇది మారదు, చెరగదు. ఎం.ఎస్. (మైల్డ్ స్టీల్) ఫ్లాట్ మీద చేసే జాబ్‌లకు నేనైతే పంచ్‌నే ఎంచుకోమంటాను. 3 మి.మీ. అంకెల సెట్టు ఒకటి, అక్షరాల సెట్టు ఒకటి చాలు. ఈ రెండూ మీ లాకర్‌లోనే ఉండాలి, కొట్టేది మీరే అయి ఉండాలి. ట్రైనీల చేతికి ఇస్తే దాని విలువ చాక్‌పీసు రాతకు మించదు.

పంచ్ కొట్టడంలో కొన్ని చిక్కులున్నాయి, ముందే తెలిస్తే ముక్కలు పాడుకావు. కొట్టిన అంకె చుట్టూ లోహం పైకి ఉబ్బుతుంది. అది అలాగే ఉంటే సర్ఫేస్ ప్లేటు మీద ముక్క సమంగా కూర్చోదు, వెర్నియర్ హైట్ గేజ్ రీడింగ్ తప్పు చూపిస్తుంది, ట్రై స్క్వేర్ కింద వెలుతురు కనిపిస్తుంది. ట్రైనీ ఫైలింగ్ బాగానే చేసి ఉంటాడు, మార్కులు మాత్రం పోతాయి. అందుకని డేటమ్ వైపులను (కొలతలకు ఆధారంగా తీసుకునే వైపులను) వదిలి, వాటికి ఎదురు మూలలో, అంచుకు కనీసం 5 మి.మీ. లోపల కొట్టండి. ఆ తర్వాత స్మూత్ ఫైలుతో ఒకటి రెండు సార్లు తేలిగ్గా తాకించి ఉబ్బు తీసేయండి. మందం 3 మి.మీ. లోపు ఉన్నవాటి మీద కొట్టొద్దు, వెనకవైపు పొంగుతుంది. హార్డెనింగ్ చేసే జాబ్ అయితే వేడికి ముందే కొట్టాలి, గట్టిపడ్డాక అంకె దిగదు, పంచ్ మొనే చెడుతుంది.

ఫైలింగ్‌లో ఆ ముఖం కూడా అరిగిపోతుంది కదా, నంబర్ పోదా అని మీకు అనుమానం రావచ్చు. పోతుంది. అందుకే ఒక నియమం పెట్టండి: నంబర్ ఉన్న ముఖాన్ని ఫైల్ చేయబోయే ముందు ట్రైనీ మీ దగ్గరికి రావాలి, మీరు అప్పటికే పూర్తయిన మరో ముఖం మీద అదే నంబర్ కొట్టి పంపాలి. నంబర్ లేని ముక్కను వైస్‌లో బిగించకూడదు. ఈ ఒక్క నియమం పాటిస్తే ముక్క నాదంటే నాదన్న గొడవకు చోటే ఉండదు.

ఇక నంబర్ ఎలా ఉండాలి? పేర్లు వద్దు. మీ దగ్గర ఒకే పేరున్న కుర్రాళ్లు ఇద్దరు ముగ్గురు తప్పక ఉంటారు. బ్యాచ్‌కు ఒక ఇంగ్లీషు అక్షరం ఇచ్చి, దాని పక్కన రెండంకెల రోల్ నంబర్ కొట్టండి. ఏ-07, ఏ-16 అన్నట్టు. ఫిట్టర్ కోర్సు రెండేళ్లు కాబట్టి ఆ అక్షరం రెండేళ్లూ ఆ బ్యాచ్‌దే. వచ్చే ఏడాది చేరేవాళ్లకు తర్వాతి అక్షరం. అప్పుడు పాత బ్యాచ్ వాళ్ల ముక్కను తెచ్చి తనదని చూపించే అవకాశం ఉండదు. రెండో షిఫ్టుకు వేరే అక్షరం ఇస్తే పెట్టె కలిసినా ముక్కలు కలవవు. మధ్యలో ఎవరైనా మానేస్తే ఆ నంబర్ ఇంకెవరికీ ఇవ్వొద్దు, ఆలస్యంగా చేరినవాళ్లకు 21, 22 అని ముందుకు వెళ్లండి.

ఒక్క అంకె రోల్ నంబర్లకు ముందు సున్నా ఎందుకంటే, అంకెల పంచ్ సెట్టులో సాధారణంగా తొమ్మిదే ఉంటాయి, 6నే తిప్పి 9గా కొడతారు. ఉత్త 6 కొట్టిన ముక్కను తలకిందులుగా పట్టుకుంటే 9. అదే 06 అని ఉంటే తలకిందులైనప్పుడు 90 అవుతుంది, 20 మంది ఉన్న యూనిట్‌లో 90 లేదు కాబట్టి తేడా తెలిసిపోతుంది. అయినా 01 తలకిందులైతే 10 అవుతుంది. ఆ గొడవను తీర్చేది ముందున్న అక్షరమే, అది సరిగా నిలబడి ఉంటే అంకె కూడా సరిగా ఉన్నట్టు. అందుకే తలకిందులైనా అలాగే కనిపించే హెచ్, ఐ, ఎన్, ఓ, ఎస్, ఎక్స్, జెడ్ అక్షరాలను బ్యాచ్‌లకు వాడకండి. ఎమ్, డబ్ల్యూ ఒకదానిలా ఒకటి కనిపిస్తాయి, వాటినీ వదిలేయండి.

మేల్-ఫిమేల్ జాబ్‌లో రెండు ముక్కల మీదా అదే నంబర్ ఉండాలి. దాంతోపాటు రెండూ కలిసే చోట ఒకే వైపున ఒక్కొక్క సెంటర్ పంచ్ చుక్క పెట్టించండి. ఏ దిశలో ఫిట్ చేశాడో ఆ చుక్కలు చెబుతాయి. లేకపోతే మూల్యాంకనం రోజున ముక్కను తిప్పి దూరుస్తారు, అది బిగుసుకుంటుంది, మీరు కుర్రాడి పనితనాన్ని అనుమానిస్తారు.

ముక్క ఎవరిదో తెలిసినంత మాత్రాన ఆడిట్ గడవదు. ఫిట్టర్ షాపులో నిన్నటి జాబ్ ఇవాళ్టి జాబ్‌కు ముడిసరుకు. చదరంగా ఫైల్ చేసిన ముక్క మీదే మార్కింగ్, దాని మీదే డ్రిల్లింగ్, ఆ రంధ్రంలోనే ట్యాపింగ్ (లోపలి మరలు కోయడం). ఇనుము ఖరీదు దృష్ట్యా అది తప్పు కాదు, సరైన పనే. కానీ ట్యాపింగ్ అయ్యేసరికి మొదటి ఫైలింగ్‌కు సాక్ష్యం మిగలదు. పోయాయని మీరనుకుంటున్న మూడు జాబ్‌లలో ఒకటో రెండో ఈపాటికి ఇంకో జాబ్‌గా మారి మీ కళ్లెదుటే ఉండవచ్చు, ఒకసారి ఆ ముగ్గురినీ అడగండి. ముక్కను దాచి సాక్ష్యంగా చూపిద్దామనుకుంటే పెట్టెలు నిండుతాయి తప్ప పని జరగదు. ఏ దశ పూర్తయితే ఆ దశలోనే కొలిచి రాసుకోవాలి.

దీనికి ప్రతి జాబ్‌కూ అర పేజీ కొలతల షీటు చాలు. పైన బ్యాచ్, రోల్ నంబర్, ఎక్సర్‌సైజ్ నంబర్, మొదలుపెట్టిన తేదీ, ముగించిన తేదీ. కింద డ్రాయింగ్‌లో ఉన్న కొలత, దాని టాలరెన్స్ (అనుమతించే తేడా), ట్రైనీ తీసిన రీడింగ్, మీరు తీసిన రీడింగ్, ఈ నాలుగు నిలువు గడులు. మొదటి జాబ్‌లలో ±0.5 మి.మీ. దగ్గర మొదలై, తర్వాతి ఫిట్టింగ్ జాబ్‌లలో ±0.04 మి.మీ. దాకా వస్తారు కాబట్టి రీడింగును ఏ పరికరంతో తీశారో కూడా రాయించండి. స్టీల్ రూలుతో 0.04 కొలిచానని రాసినవాడు అక్కడే దొరికిపోతాడు. ట్రైనీ రీడింగ్, మీ రీడింగ్ పక్కపక్కన ఉండటం వల్ల ఇంకో మేలు ఉంది: ముక్క బాగున్నా కొలవడం రానివాడు ఎవడో, కొలవడం వచ్చినా చేయి కుదరనివాడు ఎవడో విడివిడిగా తెలుస్తుంది.

షీటు అడుగున ఇంకో గడి తప్పనిసరి: 'సాయం'. ఫార్మేటివ్ మూల్యాంకనంలో 60–75, 75–90, 90 పైన అనే మూడు అంతస్తులు ఖచ్చితత్వం, శుభ్రతల మీదే కాదు, జాబ్ పూర్తిచేయడానికి ట్రైనీకి ఎంత సాయం అవసరమైందన్న దాని మీద కూడా ఆధారపడ్డాయి. అప్పుడప్పుడు సాయం, కొద్ది సాయం, దాదాపు లేదు అని మూడు మాటలు ముద్రించి ఒకదానికి టిక్కు పెట్టండి. మూడు నెలల తర్వాత ఎవరికి ఎంత చెప్పారో ఎవరికీ గుర్తుండదు. సంవత్సరం చివర ఒక్కసారే మార్కులు వేద్దామన్న మీ సీనియర్ సలహాలోని లోపం సరిగ్గా ఇదే. అప్పుడు వేసే మార్కు ట్రైనీ మీద మీకున్న అభిప్రాయానికి పడుతుంది, పనికి కాదు. పైగా ఫార్మేటివ్‌లో పాస్ మార్కు 60 శాతం. అంచులో ఉన్న కుర్రాడి భవిష్యత్తును మీ జ్ఞాపకం మీద వదిలిపెట్టడం న్యాయం కాదు. ఆయనతో వాదించే పని మాత్రం పెట్టుకోకండి. మీ యూనిట్ అక్షరం, మీ అర వేరు చేసుకోండి. ఆయన పద్ధతి ఆయనది.

ఎక్సర్‌సైజ్ నంబర్ విషయంలో సొంత లెక్కలు పెట్టుకోవద్దు. ఐటీఐ పాఠ్యపుస్తకాలు తయారుచేసే చెన్నైలోని నిమీ సంస్థ ప్రచురించే ట్రేడ్ ప్రాక్టికల్ పుస్తకంలో ఉన్న నంబర్‌నే వాడండి. అక్కడ 1.2.25 లాంటి నంబర్లో మొదటిది ఏడాది, రెండోది మాడ్యూల్, చివరిది వరుస సంఖ్య. మాడ్యూల్ మారినా ఆ వరుస మళ్లీ ఒకటికి రాదు, కాబట్టి రోజువారీ వాడకానికి చివరి సంఖ్య చాలు. మీరు సెలవులో ఉన్నా వచ్చినవాళ్లకు పుస్తకం తెరిస్తే అర్థమవుతుంది.

కాగితాలను ఎక్సర్‌సైజ్ వారీగా పెట్టాలా, ట్రైనీ వారీగా పెట్టాలా అన్నది చాలామంది తడబడే చోటు. ఎక్సర్‌సైజ్ వారీగా పెడితే ఇవ్వనివాళ్లెవరో వెంటనే తెలుస్తుంది, 20 షీట్లను ఒకే కొలమానంతో దిద్దవచ్చు. కానీ ఆడిట్‌కు వచ్చినవాళ్లు 'ఏ-13 ఫైలు చూపించండి' అంటే అన్ని కట్టలూ విప్పాలి. ట్రైనీ వారీగా పెడితే ఆడిట్ సులువు, దిద్దడం నరకం. రెండిటికీ వేళ వేరు. దిద్దేదాకా ఎక్సర్‌సైజ్ క్లిప్పులో ఉంచండి. మార్కు రిజిస్టర్‌లో ఎక్కిన రోజునే ట్రైనీ ఫైలులోకి మార్చండి. క్లిప్పులో కాగితం ఉందంటే పని మిగిలిందని అర్థం, ఇంకో జాబితా రాసుకోనక్కర్లేదు. ఫార్మేటివ్ సాక్ష్యాలను రాబోయే పరీక్ష దాకా భద్రపరచాలన్నది నిబంధన కాబట్టి ఆ ఫైళ్లు లాకర్‌లో ఉండాలి, ట్రైనీల చేతుల్లో కాదు.

ఫోన్ సంగతి. ఫొటో మంచి తోడే కానీ ఒంటరిగా సరిపోదు, అందులో 0.04 మి.మీ. కనిపించదు. ముక్క నంబర్ కనబడేలా, పక్కన స్టీల్ రూలు పెట్టి ఒక్క ఫొటో తీస్తే చాలు. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే ఫైలు పేరు మారిపోతుంది, నాణ్యత తగ్గుతుంది. పంపక తప్పకపోతే డాక్యుమెంట్‌గా పంపించమనండి. కంప్యూటర్‌లో పేరు 'బ్యాచ్-రోల్-ఎక్సర్‌సైజ్-ప్రయత్నం' వరుసలో, ఏ-07-025-1 అన్నట్టు పెట్టండి. ఎక్సర్‌సైజ్‌కు మూడంకెలు ఉంచకపోతే చాలా చోట్ల జాబితాలో 1 తర్వాత 10, 100 వచ్చి, 2 ఎక్కడో అడుగున పడుతుంది. చివరి అంకె ముఖ్యం: మళ్లీ చేసిన జాబ్ 2 అవుతుంది, మొదటిది చెరిపేయకండి. గ్రూపులో మార్కులు మాత్రం పెట్టొద్దు.

థియరీ అసైన్‌మెంట్లకు ఇంత హడావిడి అక్కర్లేదు. కుడి పైమూలలో అదే నంబర్, తేదీ, అంతే. జెల్ పెన్ను వద్దు, నూనె చేతులకు సిరా పాకుతుంది. బాల్ పెన్ను వాడమనండి.

ముక్కలు దాచడానికి పాత స్లాటెడ్ యాంగిల్ ర్యాక్‌కు ప్లైవుడ్ అడ్డాలు పెట్టి 24 అరలు చేయించండి, 20 రోల్ నంబర్లకు, నాలుగు ఆలస్యంగా చేరేవాళ్లకు. ఇది ట్రైనీలే చేయగలరు. మీది సముద్రగాలి జిల్లా కాబట్టి తుప్పు త్వరగా వస్తుంది. చేతి చెమట తుడిచి, పలుచగా మెషిన్ ఆయిల్ రాసి, పాలిథిన్ కవర్లో పెట్టించండి. న్యూస్‌పేపర్‌లో చుట్టొద్దు, అది తేమ పీల్చుకుని ముక్క మీదే పట్టి ఉంచుతుంది. మూల్యాంకనం అయి, ఇంకో జాబ్‌కు పనికిరాని ముక్క మీద ఉలితో అడ్డంగా ఒక గీత కొట్టేయండి, అది మళ్లీ మీ ముందుకు రాదు.

మీ ఆదివారాలు తిరిగి రావాలంటే కొలవడం క్లాసులోనే జరగాలి. ఒక్కో జాబ్‌కు నాలుగు నిమిషాలు అనుకుంటే 20 మందికి 80 నిమిషాలు. అందరివీ ఒకే రోజు పెట్టుకుంటే షాపు ఆగిపోతుంది. ముగించినవాడు ముగించినప్పుడు మీ బల్ల దగ్గరికి తన రీడింగులు నింపిన షీటుతో రావాలి. రీడింగ్ లేని షీటు తీసుకోవద్దు. మొదటి రెండు వారాలు గుంపు కడతారు, విసుగొస్తుంది. ఓపిక పట్టండి, తర్వాత ఎవరి వేగం వాళ్లది కాబట్టి వరుస దానంతటదే పలుచబడుతుంది.

ఇక మార్కులు లేని ఆ మూడు జాబ్‌లు. అడిగి చూశాక కూడా దొరక్కపోతే ఊహించి వేయడం, పాత తేదీ పెట్టడం రెండూ వద్దు. అది బయటపడితే మీ మిగతా రికార్డు మొత్తాన్నీ అనుమానిస్తారు. మీ ముందున్నవి రెండు. మొదటిది డైలీ డైరీ, రికార్డు బుక్కు, వైవా (మౌఖిక పరీక్ష) ఆధారంగా మార్కు వేయడం. ముక్క ఖర్చు కాదు, సమయం కలిసొస్తుంది, కానీ చేతిపనికి ఆధారం బలహీనంగా ఉంటుంది. రెండోది అదే నైపుణ్యం ఉండే చిన్న జాబ్ మళ్లీ చేయించడం. ఒక పూట పడుతుంది, ఆధారం గట్టిగా ఉంటుంది, కానీ పొరపాటు మీ వైపున జరిగినప్పుడు కుర్రాడికి మళ్లీ పని చెబుతున్నారు కాబట్టి అది అతనికి శిక్షలా తోచకూడదు. మిగతా రికార్డు బాగున్నవాడికి మొదటిది, అంచులో ఉన్నవాడికి రెండోది నయం. ఏది చేసినా ఇవాళ్టి తేదీతో, కారణం రాసి, ప్రిన్సిపాల్ సంతకం తీసుకోండి. ర్యాక్, పంచ్ సెట్లు కావాలన్న వినతి కూడా ఆ కాగితంతోనే ఇవ్వండి. ఆడిట్ భయం ఆయనకూ ఉంది, ఇప్పుడు కాదనరు.

ఇద్దరు కొట్లాడుకున్న ఆ ఫిట్ ముక్క ఎవరిదో పూర్తయిన ముక్కను చూసి మీరు తేల్చలేరు. తేల్చడానికి ప్రయత్నించొద్దు కూడా. దాన్ని పక్కన పెట్టి ఎవరికీ లెక్కించకండి. ఇద్దరికీ నంబర్ కొట్టిన కొత్త ముక్కలు ఇచ్చి, కొలతలు కొంచెం మార్చి, అదే ఫిట్ చేయించండి. ఎవరు అబద్ధం చెప్పారన్న తగువు అక్కడితో ఆగుతుంది, ఇద్దరికీ తమ పని చూపించుకునే అవకాశం వస్తుంది.

అయితే దానికి ముందు మానేసిన కుర్రాడితో మాట్లాడాలి. హాజరు తగ్గితే పరీక్ష అర్హతకే ముప్పు, కాబట్టి ఈ వారమే. తోటి కుర్రాడితో కబురు పంపితే రాడు. మీరే ఫోన్ చేయండి, వీలైతే ఇంటికి వెళ్లండి. తల్లిదండ్రుల ముందు ఫిర్యాదులా మొదలుపెట్టొద్దు. 'ముక్కల మీద నంబర్లు లేకపోవడం నా లోపం, నిన్ను అందరి ముందూ అనడం తప్పు' అని అతనికి నేరుగా చెప్పండి. తిట్టింది క్లాసులో కాబట్టి అతను వచ్చిన రోజున క్లాసులోనూ ఆ మాట ఒకసారి అనండి, ఇద్దరి గురించీ కలిపి. పెద్ద ఉపన్యాసం వద్దు, రెండు వాక్యాలు చాలు. క్లాసులో చెబితే నా మాటకు విలువ పోతుందేమోనని మీరు వెనకాడవచ్చు. అప్పుడు అతనికి ఒంటరిగా చెప్పినదే మిగులుతుంది. అతను తిరిగి రావచ్చు, కానీ మిగతా 18 మంది దృష్టిలో దొంగగానే మిగిలే ప్రమాదం ఉంది. ఎంచుకోవాల్సింది మీరు. రెండో కుర్రాడితోనూ విడిగా కూర్చోండి, క్లాసుకు వస్తున్నాడు కదా అని అతనికి నొప్పి లేదనుకోవద్దు.

నంబరింగ్ మొదలుపెట్టే రోజున అతను షాపులో ఉండేలా చూడండి. మీరు కొట్టే మొదటి బ్యాచ్ ముక్కల్లో అతనిదీ ఉండాలి.